ఎదుటి గది తలుపు

ఆవిడ ఇంకా రాలేదు. లిఫ్టు తలుపులు తెరుచుకున్న చప్పుడయింది గానీ అది పై అంతస్తుది. ఈ హోటల్ గోడలు ఎంత పలచనో ఇన్నాళ్ల కాపురంలో నాకు బాగా తెలిసింది, పై గదిలో ఎవడైనా సబ్బు జారవిడిస్తే నా నెత్తిన పడినట్టే ఉంటుంది. మంచం అంచున కూర్చున్నాను. ఒక కాలికి మేజోడు తొడిగాను, రెండోది చేతిలో ఉంది. అది తొడిగేలోపల తలుపు చప్పుడు వినబడకుండా పోతుందేమోనన్నట్టు అలాగే పట్టుకుని ఉన్నాను. తెల్లవారగానే మమ్మల్నందరినీ కింద హాల్లో దూరం దూరంగా నిలబెట్టి ముక్కుల్లో పుల్లలు పెట్టి తిప్పారు. ఇప్పుడు ఫలితాల వేళ, ఈ గంటసేపు ఎవరూ గది దాటకూడదు. ఏమీ లేనివాళ్లకి ఏ కబురూ రాదు. గంట గడిచాక ఫలహారాల బండి చక్రాలు కీచుమంటూ వస్తాయి, అదే శుభవార్త. రోగం అంటినవాడికి మాత్రం డాక్టరమ్మ తనే నడుచుకుంటూ వచ్చి తలుపు కొడుతుంది. మొదట్లో ఫోన్ చేసి చెప్పేవారట. పక్క జట్టువాడొకడు ఫోన్లో ఆ మాట విని, గదిలోంచి బయటపడి, మెట్లమీద ఎవరెదురైతే వాళ్లని కావలించుకుని ఏడ్చాడట, దాంతో సగం జట్టు మంచం ఎక్కింది. అప్పట్నుంచీ ఫోన్లు లేవు, తలుపు కొట్టడమే. ఆవిడకి మావాళ్లు పుల్లమ్మ అని పేరు పెట్టారు. పుల్లమ్మ చెప్పులు రబ్బరువి, నేలకి అతుక్కుని ఊడుతున్నట్టు చప్పుడు చేస్తాయి. ఆ చప్పుడు నా తలుపు దాటి పోతే చాలు దేవుడా అని ఈ అంతస్తులో ప్రతివాడూ ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంటాడు. దాటి పోవడం ఒక్కటే నాకు చాలదు. దాటి, ఎదుటి గది ముందు ఆగాలి.

ఎదుటి గదిలో ఉన్నది మా చెల్లెలి భర్త. నాకంటే బాగా చిన్నవాడు, అయినా ఇద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఒకే జట్టు, ఒకే పని. బంతిని వెనకనుంచి తెచ్చి, ఎవడికి ఎప్పుడివ్వాలో చూసి, ఇచ్చే పని. ఐదుగురు ఆడే బాస్కెట్‌బాల్‌లో ఆ పని ఒక్కడిదే, రెండోవాడు బెంచీమీద కూర్చుంటాడు. ఇప్పుడు కూర్చునేవాణ్ణి నేను. ఒకప్పుడు అతను కూర్చునేవాడు, నేను ఆడేవాణ్ణి, అంతకు ముందు అతను ఎక్కడా ఉండేవాడు కాదు, నేనే తీసుకొచ్చాను. మా ఇంట్లో నా గదిలో నేలమీద పక్కేసుకుని పడుకునేవాడు, పొద్దున్నే లేచి నా బూట్ల తాళ్లు కూడా తనే విప్పి పెట్టేవాడు. పరుగు మధ్యలో ఆగినట్టు ఆగి, కళ్లు ఒకవైపు తిప్పి బంతి ఇంకోవైపు వదలడం నేను నేర్పిందే. నేర్చుకున్నాక నాకంటే బాగా చేశాడు. మనం నేర్పింది మనకంటే బాగా చేసేవాణ్ణి చూస్తే గర్వంగా ఉంటుందంటారు. అలా అనేవాళ్లని ఒక సీజన్ బెంచీమీద కూర్చోబెట్టాలి. ఆ రోజు మ్యాచ్ మధ్యలో కోచ్ మావైపు తిరిగి నా భుజంమీద చెయ్యి వేశాడు. లేవబోయాను. ఆయన నా భుజం ఊతగా పట్టుకుని నా మీదుగా వంగి అతన్ని పిలిచాడు. నా భుజం ఆయనకి కుర్చీ వీపులాంటిదయింది. అతను లేస్తూ నావైపు చూసి, "రెండు నిమిషాలే బావా, వచ్చేస్తా" అన్నాడు. వచ్చాడా? ఆ రెండు నిమిషాలు అలా సాగుతూనే ఉన్నాయి, మధ్యలో మా చెల్లెలి మెడలో తాళి కట్టాడు, ఇల్లు కొన్నాడు, జెర్సీమీద అతని పేరు రాయించుకుని పిల్లలు తిరిగారు, నేను తువ్వాళ్లు అందించాను.

తరవాత లోకమంతా మూతపడింది. ఆటలన్నీ ఆగిపోయాయి. అందరూ అయ్యో అన్నారు, టీవీలో ఏడ్చిన ఆటగాళ్లు కూడా ఉన్నారు. నేను మాత్రం ఆ నెలల్లో హాయిగా నిద్రపోయాను. అందరూ బెంచీమీదే ఉన్నారు కదా, అతను కూడా. అతను ఇంట్లో గోడకేసి బంతి కొడుతుంటే కింది వాటావాళ్లు తిట్టిపోస్తున్నారని మా చెల్లెలు ఫోన్లో నవ్వుతూ చెప్పినప్పుడు నాకెంత తృప్తి కలిగిందో, ఆకలేసినవాడు అన్నం ముందు కూర్చున్నట్టు కూర్చుని ఆ మాటలన్నీ విన్నాను. మళ్లీ ఆడిస్తారన్న కబురొచ్చింది. ఒకే హోటలు, ఒకే హాలు, అన్ని జట్లూ లోపల, తాళం బయట. దాన్ని బుడగ అన్నారు. బుడగకో పుస్తకమంత నియమాలు. చేతులు కలపకూడదు, మోచేతులు ఆనించుకోవచ్చు. బంతిని మందు నీళ్లతో తుడిచి తుడిచి దాని పట్టు పోగొట్టారు. లిఫ్టులో ఒక్కడే ఎక్కాలి. కోర్టులో మాత్రం ఒకడి చెమట ఇంకొకడి నోట్లో పడొచ్చు, ఒకడి గుండెమీద ఒకడు పడి దొర్లొచ్చు, అది ఆట. విజిల్ ఊదాక బెంచీకి వస్తే రెండు బారల దూరం. అసలు బెంచీయే లేదు, విడివిడి కుర్చీలు వేశారు, మైదానంలో తప్పిపోయిన పిల్లల్లా ఒక్కొక్కడం ఒక్కొక్క కుర్చీలో. జనం లేరు, చప్పట్లు పెట్టెలోంచి వస్తాయి, మీట నొక్కేవాడొకడు మూల కూర్చుంటాడు, వాడు పొరపాటున ఒకసారి నేను నీళ్లు తాగుతుంటే చప్పట్లు వదిలాడు. జట్టంతా నవ్వింది. "తాత నీళ్లు మింగాడ్రోయ్" అన్నాడు బల్లిగాడు. ఎదుటివాణ్ణి పట్టుకుంటే వదలడని వాడికా పేరు, జట్టులో అందరికంటే పెద్దవాణ్ణి గనక నాకీ పేరు. నేనూ నవ్వాను. నవ్వాలి. ఇవాళ మొదటి మ్యాచ్. సీజన్ కుదించేశారు, ఇది అయిపోయాక నా ఒప్పందం అయిపోతుంది, ఇంకెవడూ నన్ను తీసుకోడు. నా మోకాలు చూసినవాడెవడూ తీసుకోడు. అంటే నేను మళ్లీ కోర్టులో మొదటి విజిల్‌కి నిలబడాలంటే దానికి ఈ కొద్ది రోజులే ఉన్నాయి, దానికి అతని ముక్కులో పెట్టిన పుల్ల ఒక్కటే దారి. ఇది ఇంత సూటిగా ఆలోచించడం నాకు కష్టంగా ఉండాలి. ఉండటం లేదు. బూటుకి కొలత చూసుకున్నంత మామూలుగా ఉంది.

ఫోను మోగింది. చెల్లెలు. ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేస్తుంది. ఎత్తాను.

"అన్నయ్యా, ఆయన ఫోన్ ఎత్తడం లేదు."

"ఫలితాల టైము కదమ్మా, పడుకుని ఉంటాడు. నేనే నీ మోతకి లేచాను."

"బానే ఉన్నాడా నిన్న?"

"నిక్షేపంలా ఉన్నాడు. ఎందుకు?"

"ఏం లేదు. సరే, ఫలితాలయ్యాక చేస్తాలే. ఆకుపచ్చ మూత మందు రాసుకున్నావా, మోకాలికి?"

రాసుకున్నానన్నాను. పెట్టేసింది. ఏం లేదు అన్నప్పుడు ఆమె గొంతు చివర కొంచెం వంగింది. ఎదుటి జట్ల ఆట చూసి, ఎవడు ఎటు తిరుగుతాడో, ఎవడెక్కడ అలిసిపోతాడో వీడియోలు ముక్కలు కోసి మాకు పంపడం ఆమె ఉద్యోగం. ఇప్పుడు ఇంట్లోంచే చేస్తోంది, కుక్కరు కూతల మధ్య. వేరేవాళ్ల కాళ్లు చూసి వాళ్ల మనసు చెప్పేస్తుంది. నా గొంతు విని ఏం చెప్పగలిగి ఉంటుంది? నిక్షేపంలా అన్నాను. ఆ మాట నేను మామూలుగా వాడను.

నిన్న సాయంత్రం అతను నా గదికొచ్చాడు. రాకూడదు. ఒకరి గదిలోకి ఒకరు వెళ్లకూడదని గోడలమీద బొమ్మలు వేసి మరీ అంటించారు. తలుపు మెల్లగా గీకాడు, పిల్లి గీకినట్టు, తీసేసరికి గబుక్కున దూరి మాస్కు గడ్డం కిందకి లాక్కుని, "నా గదిలో గోడలు మీద పడుతున్నాయి బావా, కాసేపు కూర్చుంటా" అన్నాడు. నేనూ మాస్కు పెట్టుకోలేదు, నా గదిలో నేనెందుకు పెట్టుకుంటాను. మంచంమీద వెల్లకిలా పడ్డాడు. నా మోకాలి పట్టీలు అక్కడే ఆరేసి ఉన్నాయి. వాటి సంగతి జట్టంతటికీ తెలుసు, ఎంత ఉతికినా ఆ కంపు పోదు, చెమటా ఆ మందూ కలిసి ముదిరిన వాసన. వాటిని చూసినప్పుడల్లా అతను ముక్కు మూసుకుని ఒకే పాట పాడేవాడు, చచ్చిన ఎలుకని మోకాలికి కట్టుకుని తిరిగే మనిషిని నిన్నే చూశాను బావా, మా ఆవిడ నీతో ఒకే ఇంట్లో ఎలా పెరిగిందో అని. ఏళ్లుగా ఆ మాట వింటున్నాను, నిన్న కూడా వస్తుందని తయారుగా కూర్చున్నాను, దానికో జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. రాలేదు. అతను చెయ్యి చాపి ఆ పట్టీల్ని మడతపెట్టి తలకింద పెట్టుకున్నాడు. చెంప వాటికి ఆనించి, కళ్లు మూసుకుని, మెల్లగా ముక్కుతో గాలి లోపలికి పీల్చాడు. ఒకసారి, మళ్లీ ఇంకోసారి. పోగొట్టుకున్న తాళంచెవి కోసం జేబులు తడుముకునేవాడిలా.

నాకు అప్పుడే తెలిసింది. ఆ క్షణంలోనే, వెన్నులో చల్లగా తెలిసింది. పుల్లమ్మ మొదటిరోజు వరసగా చెప్పిన లక్షణాల్లో వాసన పోవడం ఒకటి. చెప్పొచ్చు. బావా, లే, డాక్టర్ దగ్గరికి పద, అనొచ్చు. లేదా కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుని దూరంగా జరగొచ్చు. జరిగితే అతనికి నాకు తెలిసిందని తెలుస్తుంది, అప్పుడు ఏదో ఒకటి మాట్లాడాలి. నేను కుర్చీలోంచి కదల్లేదు. పొద్దున పుల్ల పెడతారు, పుల్ల చెబుతుంది, నేనెందుకు చెప్పాలి అనుకున్నాను. ఆ ఆలోచనలో ఎంత హాయి ఉందో, నేను చేసేదేమీ లేదు, అంతా దానంతటదే జరుగుతుంది, నేను కూర్చుంటే చాలు. కూర్చోవడం నాకు బాగా అలవాటయిన పని. అతను చాలాసేపున్నాడు. పాత మాటలు మాట్లాడాడు, నేలమీద పడుకున్న రోజులు, మా చెల్లెలు దీపం ఆర్పకుండా చదువుతుంటే ఇద్దరం తిట్టిన రోజులు. మధ్యలో రెండుసార్లు ఆగి నావైపు చూశాడు. ఏంటన్నట్టు కనుబొమలు ఎగరేశాను. "ఏం లేదు బావా" అన్నాడు. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర నిలబడి, "రేపు నాకేమైనా అయితే నువ్వే కదా" అన్నాడు. "నోరు ముయ్యి, నీకేమవుతుంది" అన్నాను నేను, పెద్దవాడు అనవలసినట్టే.

అతను పోయాక పడుకున్నాను గానీ ఇంకో సంగతి తోచి లేచి కూర్చున్నాను. మాస్కు లేకుండా పావుగంట ఒకే గదిలో ఉంటే, రోగం వచ్చినవాడితో పాటు రెండోవాణ్ణీ పై అంతస్తులో పెడతారు. ఇద్దరికీ రెండు వారాలు. అంటే అతన్ని పుల్ల పట్టుకుంటే నన్నూ పట్టుకున్నట్టే. ఆడేది మూడోవాడు, నిన్నగాక మొన్న వచ్చిన నూనూగు మీసాలవాడు. ఇది తెలిసే వచ్చాడా? తనకి వాసన పోయిందని తనకి తెలియకుండా ఉంటుందా, తెలిసినవాడు వచ్చి వచ్చి నా గదిలోనే ఎందుకు కూర్చుంటాడు, ఈ అంతస్తులో ఇంతమంది ఉండగా? తను మునిగితే నన్నూ పట్టుకుని మునగడానికి. రేపు నాకేమైనా అయితే నువ్వే కదా. ఆ మాట ఎంత తీయగా అన్నాడు. నేను అతని స్థానంలో ఉంటే అదే చేసేవాణ్ణి, సరిగ్గా అలాగే, తలుపు గీకి, నవ్వుతూ, పట్టీలు తలకింద పెట్టుకుని. ఒక మనిషి ఎందుకలా చేశాడో తెలియనప్పుడు నా మనసు అతనికి నా కారణమే తొడుగుతుంది, అది అతనికి సరిపోయినట్టే కనిపిస్తుంది. ఇక మిగిలిందొక్కటే. పుల్లమ్మ అతన్ని ఎవరితో కూర్చున్నావని అడుగుతుంది. అతను ఏం చెబుతాడు? ఈ గంటంతా నాకు కావలసింది నిజానికి రెండు. ఎదుటి తలుపు కొట్టాలి. తలుపు తీసినవాడు అబద్ధం చెప్పాలి. నాకోసం. ఏ మనిషి చెడిపోవాలని ఇంత గట్టిగా కోరుకుంటున్నానో ఆ మనిషే నాకోసం అబద్ధం చెప్పాలి. ఇంత సిగ్గులేని కోరిక నాలో ఎక్కడినుంచి వచ్చిందా అని చూస్తే అది కొత్తగా వచ్చినట్టు లేదు, ఇంట్లో పాత సామానులా ఉంది, ఇప్పుడు దుప్పటి తీశానంతే.

రబ్బరు చెప్పులు.

వస్తున్నాయి. లిఫ్టు దగ్గరి మలుపు తిరిగాయి. మొదటి గది దాటాయి, బల్లిగాడి గది, వాడు టీవీ గొంతు నొక్కేశాడు. నా చేతిలో మేజోడు ముద్దయిపోయింది. చప్పుడు దగ్గరయిన కొద్దీ నా గుండె ఎవరిదో అయిపోయింది, బయట గోడకి అవతల కొట్టుకుంటున్నట్టుంది. ఆగాయి. నా ముందా, ఎదుటా? ఈ నడవా ఎంత ఇరుకంటే ఇటాగినా అటాగినా చప్పుడు ఒకటే. లేచి తలుపుకున్న గాజు కన్నుకి నా కన్ను ఆనించాను. తెల్లటి వీపు. తలనుంచి కాళ్లదాకా తెల్ల సంచి తొడుక్కున్న వీపు. చెయ్యెత్తి ఎదుటి తలుపు కొట్టింది, మెత్తగా, నిద్రపోతున్న పసివాణ్ణి లేపినట్టు.

నవ్వొచ్చింది నాకు. అది పైకి వినబడకుండా నోటికి మేజోడు అడ్డం పెట్టుకున్నాను.

అతను తలుపు తీశాడు. మాస్కు పెట్టుకునే ఉన్నాడు, సంచీ కూడా సర్ది కాళ్ల దగ్గర పెట్టుకుని ఉన్నాడు. ఆ సంచీ చూడగానే నా నవ్వు ఆగింది. ఆమె ఏదో చెప్పింది, అతను తలూపాడు. ఆ తరవాతి మాటలు వినబడ్డాయి.

"మాస్కు లేకుండా ఎవరితోనైనా కూర్చున్నారా? నిన్నా మొన్నా?"

"ఎవరితోనూ లేదు డాక్టరు గారూ."

"బాగా గుర్తు తెచ్చుకోండి. ఎదురుగా బావగారే ఉన్నారు కదా, అటు వెళ్లలేదా?"

"భలేవారే, ఆయనకి నా మొహం చూస్తేనే పడదు." అని నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది.

ఆమె కూడా నవ్వింది, బావల సరసం అనుకుని. అబద్ధమూ చెప్పాడు, నిజమూ చెప్పాడు, రెండూ ఒకే ఊపిరిలో, కళ్లు ఒకవైపు తిప్పి బంతి ఇంకోవైపు వదిలినట్టు. నా తలుపుకి వినబడేలాగే అన్నాడు. ఎందుకు దాచాడు? నామీద ప్రేమతోనా, నా గదికొచ్చినట్టు తెలిస్తే తనకీ శిక్ష పడుతుందని భయంతోనా? భయంతోనే. భయమే అయి ఉండాలి. ప్రేమయితే అది నామీద ఉండిపోతుంది, జీవితాంతం పండగకీ పబ్బానికీ దాని ఎదురుగా కూర్చుని అన్నం తినాలి. భయమయితే ఇద్దరం సమానం. భయమేనని తేల్చుకున్నాను, తేల్చుకోగానే తేలికపడ్డాను. అతను సంచీ భుజాన వేసుకుని ఆమె వెనక నడిచాడు. గాజులోంచి అతని తల పెద్దదిగా, కాళ్లు పుల్లల్లా కనిపించాయి. మలుపు దాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగితే బావుండునని ఎందుకనుకున్నానో తెలియదు. తిరిగి ఉంటే ద్వేషించడానికి ఇంకాస్త సులువుగా ఉండేది.

అతన్ని పైకి చేర్చి పుల్లమ్మ మళ్లీ వచ్చింది. నా తలుపు కొట్టింది. "మీకేం లేదు, కంగారు పడకండి, ఒక్క మాట అడగాలి" అంది తలుపు తీయకముందే. తీశాను. అద్దాల వెనక ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఎన్నాళ్లుగా నిద్రలేదో.

"మీ బావగారు మీ గదికి వచ్చారా?"

"రాలేదు."

"మీరు ఆయన గదికి?"

"లేదండీ."

"నిజంగానే కదా. ఇప్పుడు మీకు నెగటివ్ వచ్చినా అర్థం లేదు, నిన్న అంటుకుని ఉంటే పుల్లకి దొరకడానికి నాలుగైదు రోజులు పడుతుంది. కోచ్‌కి గుండె ఆపరేషన్ అయింది, మీకు తెలుసు. ఆయన్ని ఇంట్లో ఉండమన్నా వినకుండా వచ్చారు."

"తెలుసండీ. నేను బయటికే రాలేదు." నా గొంతు ఎంత శుభ్రంగా ఉందో. ఆవిడ నమ్మింది. నమ్మడం ఆవిడకి విశ్రాంతి. వెళుతూ, "పాపం, ఆయన మీ గురించే అడిగారు, బావకి ఏం లేదు కదా అని" అంది. తలుపు వేసుకున్నాను.

నా గురించే అడిగాడు. అడగకపోతే అనుమానం వస్తుందని అడిగి ఉంటాడు. అంతే. కోచ్ ఫోన్ చేశాడు, ఆయన ఎప్పుడూ పలకరింపులు లేకుండా మొదలుపెడతాడు. "వింటివిగా. ఇవాళ మొదటినుంచీ నువ్వే ఆడుతున్నావు. మోకాలెలా ఉంది?" బావుంది సార్ అన్నాను. "హాల్లో పక్కన కూర్చోబెట్టుకుని మొదటి ఎత్తు చెప్తా, తొందరగా దిగు. నీతోనే ఉంటాను ఇవాళంతా. భయపడకు." ఆయన గొంతులో పిల్లికూతలున్నాయి, ఊపిరికీ ఊపిరికీ మధ్య చిన్న ఈల. నీతోనే ఉంటాను. ఎన్నాళ్లు ఎదురుచూశాను ఆ మాట కోసం. నాకు కలిగింది ఆనందమే, దాంట్లో ఇంకేమైనా కలిసి ఉందేమోనని వెతకలేదు. ఆయన వయసు మనిషికి ఆ ఈల ఎప్పుడూ ఉండేదే. నాకు అంటిందని ఎవరు చెప్పారు? అతను పడుకున్నది మంచంమీద, నేను కూర్చున్నది కుర్చీలో, మధ్యలో నాలుగడుగులు ఉండవూ? పట్టీలు ఇప్పటికీ అలాగే మడతలో ఉన్నాయి. తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కంపు. ఘాటుగా, అద్భుతమైన కంపు. నాకేం లేదు.

మళ్లీ ఫోను. చెల్లెలు. ఈసారి ఏడ్చి ముగించిన గొంతు.

"చెప్పారన్నయ్యా. ఇప్పుడే మాట్లాడాడు పై గదిలోంచి. నీకూ చెప్పేశారా, నిన్నూ పైకి తీసుకెళ్తున్నారా?"

"నన్నెందుకు తీసుకెళ్తారు?"

"నిన్న నీ గదిలోనే కదా కూర్చున్నాడు. నేనే పంపాను. మొన్నట్నుంచీ సబ్బు వాసన తెలియడం లేదన్నాడు, ఎవరికైనా చెబితే ఆడనివ్వరేమోనని ఒకటే గోల. అన్నయ్య దగ్గరికెళ్లు, వాడు పెద్దవాడు, ఏం చెయ్యాలో వాడు చెప్తాడు, వాడు చెప్పినట్టు చెయ్యి అన్నాను. వెళ్లాడు. చెప్పలేకపోయానే అన్నాడు రాత్రి ఫోన్లో. బావ అడుగుతాడేమో, అడిగితే చెప్పేద్దామని కూర్చున్నా, అడగలేదు అన్నాడు. అన్నయ్యా, నువ్వు ఏమీ కనిపెట్టలేదా?"

"లేదు."

"ఆ పట్టీలు తలకింద పెట్టుకుని పడుకున్నాడట కదా."

ఆమె అదొక్కటే అంది. వీడియోలో ఒక కాలు దగ్గర ఆపి చూపించినట్టు ఆ మాట దగ్గర ఆపి చూపించింది. నా ఊపిరి చప్పుడే ఆమెకి చాలింది.

"సరే," అంది మెల్లగా. "అది వదిలెయ్. నువ్వు ఇప్పుడు డాక్టర్ దగ్గరికెళ్లి చెప్పు. అయితే ఆయన నీకోసం దాచాడన్నమాట, నువ్వు దాచకూడదు. కోచ్ గారిని తలుచుకుంటేనే నాకు భయంగా ఉంది. నువ్వు చెప్పకపోతే నేనే ఫోన్ చేస్తా."

అప్పుడు నా నోటివెంట వచ్చిన గొంతు చాలా మెత్తగా ఉంది. చిన్నప్పుడు ఆమెకి జ్వరమొస్తే పక్కన కూర్చుని మాట్లాడిన గొంతు అది, ఇంకెవరితోనూ వాడలేదు, ఇన్నాళ్లూ ఎక్కడుందో అంత భద్రంగా ఉంది. "బుజ్జమ్మా," అన్నాను, "చెయ్యి, ఫోన్ చెయ్యి. నేను వద్దనను. మరి వాళ్లు నన్నూ అడుగుతారు కదా. వాసన పోయిందని మొన్ననే తెలిసి రెండు రోజులు అందరి మధ్యా ప్రాక్టీసు చేశాడని నేను చెప్పాల్సి వస్తుంది. అబద్ధం చెప్పలేను కదా. మళ్లీ జన్మలో బంతి ముట్టుకోనివ్వరు. జట్టులో పనిచేస్తూ నీకూ తెలిసి దాచావంటారు. నీ ఉద్యోగం పోతుంది. ఇల్లు మొన్ననే కదా కొన్నారు. నేను నీ మంచికే చెబుతున్నా, నీ ఇష్టం."

ఏడుపు వస్తుందనుకున్నాను, తిట్లొస్తాయనుకున్నాను, రెండింటికీ నా దగ్గర ఇంకా మెత్తటి మాటలున్నాయి. ఆమె ఇంట్లో కుక్కరు కూత వేసింది. ఆమె లేచి దాన్ని కట్టేసి వచ్చిన అడుగులు కూడా విన్నాను.

"ఇవాళ్టి ఎదుటి జట్టు పొడుగోడు ఉన్నాడు చూడు," అంది. రోజూ పని చెప్పే గొంతు, పైకీ కిందికీ లేని గొంతు. "ఎడమవైపుకి ఆలస్యంగా తిరుగుతాడు. కాలు నొప్పి, దాస్తున్నాడు. మొదటి రెండుసార్లూ ఎడమనుంచే లోపలికెళ్లు, నీకు అడ్డే ఉండదు. ఇది ఆయన కోసం కోసిన ముక్క, మిగతా ఎవరికీ పంపలేదు. బాగా ఆడన్నయ్యా."

పెట్టేసింది.

గెలిచాను. ఫోన్ మంచంమీద పడేసి రెండో మేజోడు తొడుక్కున్నాను, బూట్లు వేసుకుని తాళ్లు బిగించాను, లేచి నిలబడ్డాను. మంచానికీ గోడకీ మధ్య కాస్త చోటుంది. మోకాళ్లు వంచి, చేతిలో బంతి ఉన్నట్టు అరచెయ్యి దించాను. ఎడమవైపు. పొడుగోడు ఆలస్యంగా తిరుగుతాడు. ఆమె చెప్పింది ఏనాడూ తప్పలేదు, ఎదుటి జట్టు కోచ్‌లు కూడా ఆమెని చూసి భయపడతారు. ఆమె చిన్నప్పట్నుంచీ నాతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆడి ఉంటే ఇప్పుడు పోల్చుకోవడానికి ఒకటుండేది. ఆ గొంతులో కోపముంటే నమ్మేవాణ్ణి. ఏమీ లేదు. పొడుగోడి ఎడమవైపు నిజంగానే ఖాళీయా, లేక వాడు ఆ వైపే కాచుకుని నిలబడతాడా, నేను పరిగెత్తుకుంటూ వెళ్లి వాడి ఛాతీకి గుద్దుకుని, ఆ మోకాలిమీద, టీవీలో అందరూ చూస్తుండగా? ఆమె కూడా చూస్తుంటుంది. ఆగి చూస్తుంది, వెనక్కి తిప్పి మళ్లీ చూస్తుంది. అయితే కుడివైపు వెళ్లాలి. కుడివైపు వెళతానని ఆమెకి తెలియదా, నా కాళ్లు చూసి నా మనసు చెప్పగలిగిన మనిషికి? కింద హాల్లో కోచ్ నాకోసం కూర్చుని ఉంటాడు. వెళ్లాలి. ఎడమకాలు ముందుకు వేశాను. వెనక్కి తీశాను. మళ్లీ వేశాను.